ఖరగ్‌పూర్ తెలుగు పాఠశాలలు: విద్యార్థుల సంఖ్య, స్వరూపం

కోల్‌కతా మహానగరానికి పడమటి దిశగా, హౌరా నుండి రైలు మార్గంలో సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఖరగ్‌పూర్ పట్టణం ఉన్నది. 1,072.5 మీటర్ల పొడవు గల ఇక్కడి ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా ప్రసిద్ధి పొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ ఖ్యాతిని అందుకున్నాయి. 1931లో రాజకీయ ఖైదీలపై కాల్పులు జరిగిన హిజ్లీ నిర్బంధ శిబిరంలోనే 1951లో దేశంలోని మొట్టమొదటి భారత సాంకేతిక విద్యాసంస్థ ప్రారంభమైనది. ఈ రెండు విశేషాలూ లోకవిదితములే. అంతగా లోకానికి తెలియని మూడవ విశేషం మరొకటి ఉన్నది. బెంగాలీ గడ్డపై వెలసిన ఈ పట్టణంలో నాలుగైదు తరాలుగా తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. వారి పిల్లల కొరకు తెలుగు మాధ్యమంలో చదువు చెప్పే తరగతులు ఏర్పడినాయి.

బెంగాలీ, హిందీ, ఒడియా, ఉర్దూ, పంజాబీ, తమిళం మాట్లాడే కుటుంబాలతోపాటు తెలుగువారు కూడా కలసిమెలసి ఉండటం వలన ఖరగ్‌పూర్‌ను "మినీ ఇండియా" అని పిలవటం పరిపాటి అయినది. ఇటువంటి పట్టణంలో ఒక చిన్న తెలుగు బడి ఎవరి కొరకు నడుస్తుంది? అందులో చేరే పిల్లలు ఎవరు? వారి సంఖ్యను నిర్ణయించే శక్తులు ఏవి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకటం ఒక పట్టణానికి మాత్రమే సంబంధించిన విషయం కాబోదు. స్వరాష్ట్రం వెలుపల నివసించే ప్రతి భాషావర్గానికీ ఈ పరిశీలన ఉపకరిస్తుంది.

రైలు తెచ్చిన జనం

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఖరగ్‌పూర్ కూడలి రూపుదిద్దుకున్నది. దక్షిణంగా కటకం వైపు, తూర్పుగా హౌరా వైపు, పడమరగా నాగపూర్ వైపు సాగే మార్గాలు ఇక్కడ కలుసుకున్నాయి. కంపెనీ తన పెద్ద వర్క్‌షాపును కూడా ఇక్కడనే నిర్మించినది. ఇంజనులు, బోగీలు, వ్యాగన్లు మరమ్మతు చేసే ఈ కర్మాగారానికి వేలాది చేతులు అవసరమైనాయి.

ఆ చేతులలో గణనీయమైన భాగం తెలుగు చేతులు కావటానికి కారణం పటంలోనే కనిపిస్తుంది. బెజవాడ నుండి కటకం వరకు తూర్పు తీరపు రైలు మార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య పూర్తి అయినది. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న దాని భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధీనంలోకి వచ్చినది. దానితో నాటి విశాఖపట్టణం, గంజాం జిల్లాల పల్లెలు ఖరగ్‌పూర్‌తో ఒకే కంపెనీ పట్టాలపై కలిసినాయి. వర్షాధారపు భూములు, చిన్న కమతాలు, తరచు ఎదురయ్యే కరవులు గల ఆ ప్రాంతంలో నెలజీతం అన్నది సామాన్యమైన ఆకర్షణ కాదు. ముందు వెళ్ళినవాడు తన అన్నదమ్ములను, బావమరుదులను, ఊరివారిని పిలిపించుకున్నాడు. ఖలాసీగా చేరిన వ్యక్తి కొడుకు ఫిట్టరు అయినాడు, మనుమడు గుమాస్తా అయినాడు.

ఈ కార్మికుల చరిత్రలో శ్రీ వరాహగిరి వెంకటగిరి పేరు చిరస్మరణీయమైనది. గంజాం జిల్లా బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికోద్యమానికి నాయకత్వం వహించినారు. ఉద్యోగాల తొలగింపునకు వ్యతిరేకంగా 1928లో సాగిన శాంతియుత సమ్మెను ఆయన నడిపించినారు. అనంతరం 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతి పదవిని అలంకరించినారు.

మొదటి తరం కార్మికుడు ఒంటరిగా వచ్చినాడు, పండుగకు ఊరు వెళ్ళినాడు, పదవీ విరమణ తర్వాత ఊరికే చేరినాడు. అతని పిల్లలు చాలావరకు తాతగారి ఊరిలోనే చదువుకున్నారు. కుటుంబాలు రైల్వే క్వార్టర్లలోకి తరలివచ్చిన తర్వాతనే ఖరగ్‌పూర్‌లో తెలుగు బడి అవసరం ఏర్పడినది. బడి పుట్టుక వలసకు రెండవ దశ. ఇక్కడనే ఉండిపోదామనే నిశ్చయానికి, మన భాషను విడువరాదనే కోరికకు అది ఏకకాలంలో నిదర్శనం.

పది, నలభై: రెండు కీలక సంఖ్యలు

స్వాతంత్ర్యానంతరం భాషా అల్పసంఖ్యాక వర్గాల విద్య విషయమై దేశం స్పష్టమైన విధానాన్ని ఏర్పరచుకున్నది. రాజ్యాంగంలోని 29వ అధికరణం భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొనే హక్కును ఇచ్చినది. 30వ అధికరణం మత, భాషా అల్పసంఖ్యాక వర్గాలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కును ఇచ్చినది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగిన 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా 350-ఎ అధికరణం చేరినది. భాషా అల్పసంఖ్యాక వర్గాల బాలబాలికలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించేందుకు తగిన వసతులు కల్పించటానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించవలెనని ఆ అధికరణం నిర్దేశిస్తున్నది. 350-బి అధికరణం ప్రకారం ఈ రక్షణల అమలును పరిశీలించటానికి ఒక ప్రత్యేకాధికారిని నియమించినారు. ఆయన కార్యాలయం 1957లో ప్రారంభమైనది.

అయితే "తగిన వసతులు" అనే మాటకు అంకెలలో అర్థం చెప్పినది అంతకుముందు జరిగిన ఒక సమావేశం. 1949 ఆగస్టులో సమావేశమైన రాష్ట్రాల విద్యామంత్రులు ఒక సూత్రాన్ని అంగీకరించినారు. ప్రాంతీయ భాషకు భిన్నమైన మాతృభాష గల పిల్లలు పాఠశాల మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉన్నట్లయితే, వారికి మాతృభాషలో బోధించటానికి కనీసం ఒక ఉపాధ్యాయుని నియమించవలెను. 1961లో ముఖ్యమంత్రుల సమావేశం మాధ్యమిక దశకు కూడా ఇటువంటి కొలమానాన్ని నిర్ణయించినది. అక్కడ చివరి నాలుగు తరగతులలో కలిపి 60 మంది, ఒక్కొక్క తరగతిలో 15 మంది ఉండవలెను.

ఈ సూత్రం ఉదారమైనదే. పది మంది పిల్లల కొరకు ఒక ఉపాధ్యాయుని నియమించటానికి ప్రభుత్వాలు సమ్మతించటం సామాన్య విషయం కాదు. అయినప్పటికీ అది ఒక గీత కూడా గీసినది. తొమ్మిది మంది పిల్లలున్న తరగతి గీతకు ఇవతల ఉంటుంది. పదవ బిడ్డ చేరిన రోజున అది అవతలికి దాటుతుంది. అందుచేత ఒక చిన్న పాఠశాలలో పదవ బిడ్డ ఎక్కడి నుండి వస్తుందనే ప్రశ్న ఆ పాఠశాల ఆయుర్దాయానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది.

చిన్న సంఖ్యల లెక్క

పెద్ద పాఠశాల విద్యార్థుల వివరాలు పరిశీలించే పద్ధతి చిన్న పాఠశాలకు సరిపడదు. రెండు వందల మంది చదివే బడి నుండి ఒక విద్యార్థి టి.సి. తీసుకొని వెళితే తగ్గుదల అర శాతం. పది మంది ఉన్న తరగతి నుండి ఒకరు వెళితే తగ్గుదల పది శాతం. కాబట్టి చిన్న బడి విషయంలో శాతాలు భయపెట్టగలవు, భ్రమపెట్టగలవు. అక్కడ తరగతుల వారీగా పిల్లలను లెక్కించి చూడటమే ఉత్తమమైన పద్ధతి.

ఇందుకు ఒక ఊహాత్మకమైన ఉదాహరణ తీసుకొనవచ్చును. అయిదు తరగతులు గల ఒక బడిలో మొదటి తరగతిలో 6, రెండవ తరగతిలో 7, మూడవ తరగతిలో 11, నాల్గవ తరగతిలో 9, అయిదవ తరగతిలో 12 మంది ఉన్నారనుకుందాము. మొత్తం 45. నలభై మంది నియమం నెరవేరినది కనుక బడికి ప్రమాదం లేదని పైకి తోస్తుంది. మరుసటి సంవత్సరం అయిదవ తరగతిలోని 12 మంది చదువు ముగించి వెళతారు. మొదటి తరగతిలో మరల 6 గురే చేరినట్లయితే తరగతుల సంఖ్యలు వరుసగా 6, 6, 7, 11, 9 అవుతాయి. మొత్తం 39. ఏ బిడ్డా బడి మానలేదు, ఏ కుటుంబమూ ఊరు విడువలేదు. అయినా బడి నలభై గీతకు దిగువకు జారినది. తరగతికి పది మంది అనే రెండవ ఆధారం కూడా ఇప్పుడు ఒక్క నాల్గవ తరగతికే మిగిలినది.

ఈ లెక్క నేర్పే పాఠం ఒకటున్నది. బడి భవిష్యత్తు మొత్తం సంఖ్యలో కనిపించదు. మొదటి తరగతి హాజరుపట్టీలో కనిపిస్తుంది. అయిదవ తరగతి నిండుగా ఉండి మొదటి తరగతి పలుచగా ఉన్న బడి, నిలువ ధాన్యం తింటూ విత్తనం మరచిన రైతు వంటిది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లల పేర్లను విద్యాసంవత్సరం ప్రారంభానికి ముందే నమోదు చేసుకొనే ఏర్పాటు ఉండవలెనని జాతీయ స్థాయిలో నిర్ణయించటం వెనుక ఉన్న ఆలోచన ఇదే. పేర్లు ముందుగా తెలిస్తే ఒక బడిలో ఇద్దరు, మరొక బడిలో నలుగురుగా చెదరియున్న పిల్లలను ఒకచోట చేర్చి తరగతి నిలబెట్టవచ్చును.

ఉపాధ్యాయుల సంఖ్యను నిర్ణయించే నియమం కూడా ఇక్కడ గమనించదగినది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెను. అంటే నలభై అయిదు మంది ఉన్న పై బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు అయిదు తరగతులు నడపవలసి ఉంటుంది. ఒకరు ఒక గదిలో మూడు తరగతులను కూర్చోబెట్టి, ఒక వరుసకు ఎక్కాలు అప్పగించి, మరొక వరుసకు పాఠం చెప్పి, ఇంకొక వరుస పలకలు దిద్దవలసి వస్తుంది. తల్లిదండ్రులు బడిని తూచేటప్పుడు ఈ దృశ్యాన్ని కూడా తూకంలో వేస్తారు.

తరగతి గదిలో ఉన్నవారెవరు?

ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో తెలుగు తరగతిలోని పిల్లల స్వరూపాన్ని నాలుగు కోణాల నుండి పరిశీలించవలసి ఉన్నది.

మొదటిది తండ్రి వృత్తి. రైల్వేశాఖ తన ఉద్యోగుల పిల్లల కొరకు కాలనీలలో పాఠశాలలు నడిపినది. కాలక్రమాన ఇటువంటి పాఠశాలలలో ఉద్యోగులు కానివారి పిల్లలకు కూడా ప్రవేశం లభించినది. అందువలన ఒకే బల్లపై వర్క్‌షాపు ఉద్యోగి బిడ్డ, బజారులో చిల్లర వ్యాపారం చేసేవాని బిడ్డ, దినకూలీ బిడ్డ కూర్చొనే స్థితి ఏర్పడినది. రైల్వే ఉద్యోగికి క్వార్టరు ఉన్నది, వైద్యం ఉన్నది, ఊరికి వెళ్ళి రావటానికి పాసు ఉన్నది. పక్కన కూర్చున్న బిడ్డకు ఇవేవీ లేవు. భాష ఒకటైనంత మాత్రాన పరిస్థితులు ఒకటి కావు.

రెండవది తరం. ఊరి నుండి ఇటీవల వచ్చిన కుటుంబపు బిడ్డకు తెలుగు తప్ప మరొక భాష రాదు. ఆ బిడ్డకు తెలుగు తరగతి అత్యవసరం. నాల్గవ తరపు బిడ్డ అమ్మమ్మతో తెలుగు, నేస్తాలతో హిందీ, దుకాణంలో బెంగాలీ మాట్లాడగలదు. ఆ బిడ్డకు తెలుగు తరగతి ఎంపిక మాత్రమే. వలస కొనసాగినంతకాలం మొదటి రకం పిల్లలు బడిని నింపుతారు. వలస ఆగినప్పుడు బడి రెండవ రకం పిల్లల తల్లిదండ్రుల నిర్ణయంపై ఆధారపడుతుంది.

మూడవది ఇంటి భాష. పాఠశాల రిజిస్టరులో మాతృభాష అనే గడిలో "తెలుగు" అని ఒక్క మాట వ్రాస్తారు. గంజాం సరిహద్దు నుండి వచ్చిన ఇళ్ళలో తెలుగు, ఒడియా రెండూ సమానంగా వినిపించవచ్చును. తల్లి తెలుగు, తండ్రి బెంగాలీ అయిన ఇళ్ళు కూడా ఇటువంటి పట్టణంలో సహజమే. మరొక వైపు పట్టణంలోని తెలుగు పిల్లలందరూ తెలుగు తరగతిలో ఉండరు. ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ మాధ్యమాలలో చదివేవారు అనేకులు. కనుక బడి రిజిస్టరును తెలుగువారి జనాభా లెక్కగా గాని, జనాభా లెక్కను బడి అవసరానికి కొలతగా గాని భావించరాదు.

నాల్గవది ఆడపిల్లల స్థానం. స్తోమత పరిమితమైన కుటుంబంలో కొడుకును ఫీజు చెల్లించే బడికి, కూతురిని ఫీజు లేని బడికి పంపే ధోరణిని విద్యా పరిశీలకులు దేశంలో అనేక ప్రాంతాలలో గుర్తించినారు. మాతృభాషా మాధ్యమపు బడిలో బాలికల నిష్పత్తి పెరిగినట్లు కనిపించినప్పుడు అది స్త్రీవిద్యా ప్రగతియా, లేక ఇంటిలోని అసమానతయా అని విచారించటం అవసరం. ఆ ఇంటి కొడుకు ఎక్కడ చదువుతున్నాడని అడిగినప్పుడే నిజమైన సమాధానం లభిస్తుంది.

ఇంటి మాట, పుస్తకపు మాట

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చిన కుటుంబాలు తమ పలుకుబడిని కూడా వెంట తెచ్చుకున్నాయి. ఇంటిలో మగపిల్లవానిని "గుంటడు" అని, ఆడపిల్లను "గుంట" అని పిలిచే ముసలమ్మ మనుమనికి పుస్తకంలో "బాలుడు", "బాలిక" అనే మాటలు ఎదురవుతాయి. స్వస్థలంలోనైతే సినిమా, పత్రిక, ఆకాశవాణి, బస్సులపై బోర్డులు ఈ రెండింటి మధ్య వంతెన కడతాయి. ఖరగ్‌పూర్‌లో వీధిలోని బోర్డులు వేరు లిపులలో ఉంటాయి. బడి గోడలు దాటిన తర్వాత బిడ్డకు తెలుగు అక్షరం అరుదుగా కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడి తెలుగు ఉపాధ్యాయుని బాధ్యత ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలోని ఉపాధ్యాయుని బాధ్యత కంటె గురుతరమైనది.

తెలుగులో చదివిన బిడ్డ బెంగాలీ నేర్వలేదనే భయం నిరాధారమైనది. రెండు లిపుల ఆకారాలు వేరైనా అక్షరాల వరుస ఒక్కటే. అచ్చులు ముందు, హల్లులు తర్వాత, క వర్గం నుండి ప వర్గం వరకు అదే క్రమం. తెలుగు వర్ణమాల కంఠస్థమైన బిడ్డ బెంగాలీ వర్ణమాలను కొత్తగా నేర్వనక్కరలేదు. అదే వరుసకు కొత్త గీతలు నేర్చితే చాలును. ఉచ్చారణలో మాత్రం కొన్ని భేదాలు తెలియవలెను. తెలుగులో "అ" అని పలికేచోట బెంగాలీలో తరచు "ఒ" ధ్వని వినిపిస్తుంది. "వ", "బ" అనే రెండింటినీ బెంగాలీవారు "బ"గానే పలుకుతారు. తెలుగు బిడ్డ పుస్తకంలో చదివే "జలం" బెంగాలీ ఇంటిలో ప్రతిదినమూ పలికే మాటయే. ఇంటిలో "నీళ్ళు" అనే బిడ్డ ఈ చుట్టరికాన్ని తెలుసుకొన్ననాడు రెండు భాషలపైనా మక్కువ పెరుగుతుంది.

పశ్చిమ బెంగాల్ మాధ్యమిక విద్యామండలి ప్రథమ భాషల జాబితాలో తెలుగుకు స్థానం ఉన్నది. ప్రథమ భాష ఇంగ్లీషు కానివారికి ద్వితీయ భాష ఇంగ్లీషు. అంటే తెలుగు బిడ్డ తెలుగు, ఇంగ్లీషులతో మాధ్యమిక పరీక్ష వ్రాయగలదు. ఇది గొప్ప సౌకర్యం. అయితే పొరుగువారి భాష అయిన బెంగాలీని ఆ బిడ్డకు పరీక్ష నేర్పదు, పరిసరాలు నేర్పవలెను. ఉద్యోగానికి, కచేరీ వ్యవహారానికి, ఇరుగుపొరుగు స్నేహానికి బెంగాలీ చదవటం, వ్రాయటం అవసరం. మాతృభాషలో పునాది వేసి పొరుగుభాషను ప్రేమతో నేర్పే బడియే ఇటువంటి పట్టణానికి తగిన బడి.

పిల్లల సంఖ్యపై పనిచేసే శక్తులు

చిన్న బడి పిల్లల సంఖ్యను ప్రభావితం చేసే కారణాలలో కొన్ని బడికి చాలా దూరంలో ఉన్నాయి. ఆవిరి ఇంజనుకు అవసరమైన బొగ్గు, బాయిలరు, బూడిద పనులు డీజిలు, విద్యుత్తు ఇంజనులకు అవసరం లేవు. యంత్రం మారిన కొలదీ చేతుల అవసరం తగ్గినది. ఉద్యోగ నియామకం అఖిల భారత స్థాయి పోటీ పరీక్షల ద్వారా జరగటంతో తండ్రి వెనుక కొడుకు అదే వర్క్‌షాపులో చేరే పాత క్రమం సడలినది.

పరిపాలనా సరిహద్దులు కూడా మారినాయి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు వాల్తేరు, ఖరగ్‌పూర్ డివిజన్లు రెండూ ఒకే జోనులో ఉన్నాయి. వాల్తేరు ఉద్యోగి ఖరగ్‌పూర్‌కు, ఖరగ్‌పూర్ ఉద్యోగి వాల్తేరుకు బదిలీ కావటం ఒకే ఇంటిలో గది మారటం వంటిది. 2003లో తూర్పు తీర రైల్వే పనిచేయటం ప్రారంభించిన తర్వాత వాల్తేరు డివిజను ఆ జోనులో చేరినది. కొత్త తెలుగు కుటుంబాలను ఖరగ్‌పూర్‌కు తెచ్చే దారులలో ఒకటి ఆ విధంగా ఇరుకైనది.

2015లో డాక్టర్ బిబేక్ దేబ్‌రాయ్ అధ్యక్షతన గల సంఘం రైల్వేశాఖ తన ముఖ్య బాధ్యత అయిన రవాణాపై దృష్టి నిలుపుతూ పాఠశాలలు, ఆసుపత్రుల వంటి కార్యకలాపాల నుండి క్రమంగా వైదొలగవలెనని సిఫారసు చేసినది. ఆర్థిక దృష్టితో చూచినప్పుడు ఈ వాదంలో బలం లేకపోలేదు. కాని రైల్వే పట్టణాలలో భాషా అల్పసంఖ్యాక వర్గాల బడి భారాన్ని రైల్వే దించుకున్నప్పుడు ఆ భారాన్ని ఎవరు ఎత్తుకొనవలెననే ప్రశ్న మిగులుతుంది. 350-ఎ అధికరణం ఆ బాధ్యతను రాష్ట్రాలపై, స్థానిక సంస్థలపై ఉంచినది.

అన్నింటికన్న ప్రబలమైన శక్తి తల్లిదండ్రుల ఆశ. ఇంగ్లీషు మాధ్యమం ఉద్యోగానికి దారి అనే విశ్వాసం దేశమంతటా వ్యాపించినది. ఇరుకు సంసారం గడిపే ఇంటివారు కూడా ఫీజు చెల్లించటానికి సిద్ధపడుతున్నారు. వారిని భాషాభిమానం లేనివారని నిందించటం న్యాయం కాదు. తెలుగు మాధ్యమంలో పదవ తరగతి ముగించిన బిడ్డకు కళాశాల ఇంగ్లీషులో గాని, బెంగాలీలో గాని ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళి చదువుదామంటే మరొక అవరోధం ఎదురవుతుంది. 371-డి అధికరణం క్రింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల ప్రవేశాలలో 85 శాతం సీట్లను స్థానిక అభ్యర్థులకు కేటాయించే పద్ధతిని ఏర్పరచినది. స్థానికతను చదివిన ప్రదేశం, నివసించిన ప్రదేశం నిర్ణయిస్తాయి. మాతృభాష నిర్ణయించదు. ఖరగ్‌పూర్‌లో తెలుగులో చదివిన బిడ్డ తెలుగు నాట స్థానికేతరుడు. ఈ సంగతి తెలిసిన తండ్రి మొదటి తరగతిలో చేర్చే రోజుననే పదవ తరగతి తర్వాతి సంగతి ఆలోచిస్తాడు. అందుకు అతనిని తప్పుపట్టలేము.

గుర్తింపు లభించినది, వినియోగం మిగిలినది

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషల జాబితాలో చేర్చే నిర్ణయాన్ని ఆమోదించినది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల వాంఛకు ఇది ఫలితం. తన గడ్డపై శ్రమించిన వర్గం భాషను రాష్ట్రం ఆదరించటం జాతీయ సమైక్యతకు చక్కని ఉదాహరణ. ఆ ఏడాదే వెలువడిన జాతీయ విద్యావిధానం కూడా సాధ్యమైనంతవరకు కనీసం అయిదవ తరగతి దాకా ఇంటి భాష లేక మాతృభాషలో బోధన ఉండవలెనని పేర్కొన్నది.

గుర్తింపు కాగితంపై నుండి తరగతి గదికి చేరటానికి మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది పాఠ్యపుస్తకం. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల తెలుగు పుస్తకాలు ఆ రాష్ట్రాల పాఠ్యప్రణాళికను అనుసరించినవి. బెంగాల్ ప్రణాళికలోని చరిత్ర, భూగోళం, విజ్ఞానశాస్త్రం తెలుగులో లభించనిదే తెలుగు మాధ్యమం పేరుకు మాత్రమే మిగులుతుంది. రెండవది ఉపాధ్యాయుడు. తెలుగులో శిక్షణ పొంది, బెంగాల్ నియామక నిబంధనలకు అర్హుడై, ఖరగ్‌పూర్‌లో స్థిరపడటానికి ఇష్టపడే వ్యక్తి కావలెను. పుస్తకాల కొరత, శిక్షితులైన ఉపాధ్యాయుల కొరత అనే ఈ రెండు లోపాలను భాషా అల్పసంఖ్యాక వర్గాల కమిషనర్ నివేదికలు వివిధ రాష్ట్రాల విషయంలో పదేపదే ప్రస్తావించినాయి. మూడవ మెట్టు ముందస్తు నమోదు. ఇది ప్రభుత్వం ఒక్కటే చేయగల పని కాదు. పూజా సంఘాలు, సాంస్కృతిక సంఘాలు ఇంటింటికీ తిరిగి అయిదేళ్ళు నిండుతున్న పిల్లల పేర్లు వ్రాసి బడికి అందజేయవచ్చును.

మాధ్యమం నిలుపుకొనలేనిచోట భాషనైనా నిలుపుకొనే మార్గం ఉన్నది. ఇంగ్లీషు లేక హిందీ మాధ్యమంలో చదివే తెలుగు పిల్లలకు తెలుగును ఒక పాఠ్యవిషయంగా బోధించవచ్చును. ఒక్కొక్క బడిలో ముగ్గురు, నలుగురు ఉన్నప్పుడు సాయంకాలం ఒకచోట చేర్చి ఒకే ఉపాధ్యాయుడు చెప్పవచ్చును. ఇది మాధ్యమానికి పూర్తి ప్రత్యామ్నాయం కాజాలదు. అయినా అక్షరం తెలియని తరానికీ, ఉత్తరం చదవగల తరానికీ మధ్యనున్న అంతరం చిన్నది కాదు.

ఒకే బాటలో ఇద్దరు పెద్దలు

బెంగాలీ బాలలకు అక్షరాభ్యాస గ్రంథమైన "వర్ణపరిచయం" 1855లో వెలువడినది. దానిని రచించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని జన్మస్థలం బీర్సింగా గ్రామం నేడు ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే ఉన్నది. ఖరగ్‌పూర్ తెలుగువారి పూర్వికుల ప్రాంతమైన శ్రీకాకుళం సమీపంలో 1863లో గిడుగు వేంకట రామమూర్తి పంతులు జన్మించినారు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయన తెలుగువారందరికీ చిరపరిచితులు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నారు.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉన్న రోజులలో గిడుగువారు కొండలలోని సవరల భాష నేర్చినారు. ఆ భాషలో వాచకాలు వ్రాసినారు. సవర బిడ్డలకు సవర భాషలోనే చదువు చెప్పటానికి పాఠశాలలు నడిపించినారు. ఆనాడు ఆ ప్రాంతంలో తెలుగు పెద్ద భాష, సవర చిన్న భాష. పెద్ద భాషకు చెందిన పండితుడు చిన్న భాష మాట్లాడే బిడ్డ పక్షాన నిలిచినారు. ఆ ప్రాంతం నుండి వెళ్ళిన తెలుగు కుటుంబాల బిడ్డలు నేడు ఖరగ్‌పూర్‌లో సంఖ్య రీత్యా చిన్న భాషవారు. గిడుగువారు సవర బిడ్డకు కోరినదే తెలుగు బిడ్డ నేడు బెంగాల్‌లో కోరుతున్నది. ఇదే న్యాయం తెలుగు రాష్ట్రాలలో ఉన్న ఒడియా, తమిళ, కన్నడ, మరాఠీ, ఉర్దూ బిడ్డలకూ, గోండి, కోయ, సవర బిడ్డలకూ వర్తిస్తుంది. ఒకచోట అడిగే హక్కును మరొకచోట ఇవ్వటానికి సంసిద్ధత ఉన్నప్పుడే సమైక్యతకు అర్థం ఏర్పడుతుంది.

ప్రతి సంవత్సరం పాఠశాలలు తెరిచే రోజులలో ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ళలో ఒక సంభాషణ జరుగుతుంది. బిడ్డను ఏ బడిలో చేర్చవలెనన్నది దాని విషయం. ఆ సంభాషణలో తాత ఒక మాట చెబుతాడు, తండ్రి జీతం ఒక మాట చెబుతుంది, పొరుగింటి బిడ్డ యూనిఫారం ఒక మాట చెబుతుంది. పుస్తకం, ఉపాధ్యాయుడు, పదవ తరగతి తర్వాత దారి అనే మూడూ సమకూడిననాడు తెలుగు బడి కూడా ఆ సంభాషణలో తన మాట ధైర్యంగా చెప్పగలదు. మొదటి తరగతి హాజరుపట్టీలో పదవ గీతపై ఒక పేరు చేరటానికి అదే మార్గం.